పధ్నాలుగు రోజుల పథ్యం

ఏలూరు,
17-11-1935, ఆదివారం.

తాడేపల్లిగూడెం బాలికల పాఠశాలలో మూడో తరగతి పిల్లలను, అవసరమైతే వాళ్ళ తండ్రులను కూడా బెంచీ ఎక్కించగల నిర్మల పంతులమ్మగారి సముఖానికి,

బి.ఏ. పట్టా తప్ప మరే ఆస్తీ లేని నీ బావ జీవరత్నం చేతులు కట్టుకుని, గొంతు సవరించుకుని చేసుకునే విన్నపం ఏమనగా: ఇక్కడ మేమంతా దేవుని దయవల్ల బాగానే ఉన్నాం. అక్కడ నీ క్షేమమూ, నీ బెత్తం క్షేమమూ తెలియపరచగోరుతాను.

ఈ ఉత్తరంలో రాబోయే సమస్త అపరాధాలకూ ముందుగానే క్షమాపణ వేడుకుంటున్నాను. సిరాపొడి నేనే కలిపాను. పిసినారితనంవల్ల నీళ్ళు ఎక్కువయ్యాయి. నా మాటలు పాలిపోయినట్టు కనిపిస్తే కారణం అదే, నాకు జబ్బు చేసిందని కంగారుపడవద్దు. మా నాన్నకోసమని నువ్వు దసరాలో పంపిన కాజాలు నాన్నదాకా చేరలేదు. దారిలో ఏం జరిగిందో విచారణ జరుగుతోంది. విచారణాధికారిని నేనే గనక ముద్దాయి దొరికే ఆశ తక్కువ. ఇక నీ రెండు ఉత్తరాలకు జవాబు రాయనందుకు మాత్రం సంజాయిషీ ఏదీ లేదు. రెండుసార్లు మొదలుపెట్టాను. రెండూ పొయ్యిలోకి వెళ్ళాయి.

ముందు శుభవార్త. జూన్ నుంచి మిషన్ ఆసుపత్రిలో ఊరికే నిలబడి, డాక్టరమ్మగారి ఇంగ్లీషును రోగులకు తెలుగులోనూ, రోగుల మూలుగులను డాక్టరమ్మగారికి ఇంగ్లీషులోనూ చెబుతూ వచ్చాను కదా. ఈ నెల మొదటి తారీకునుంచి నన్ను అక్కడే గుమాస్తాగా వేశారు. నాకొక బల్ల, ఒక బీరువా, మూడుకాళ్ళమీద నిలబడే ఒక కుర్చీ ఇచ్చారు. నేను చెబితే రోగులు వింటారట, అందుకని ఈ ఉద్యోగం. మా నాన్న ఆ రోజు ప్రార్థనలో నాకోసం ఎంతసేపు స్తోత్రం చెల్లించాడంటే చారు చల్లారిపోయింది.

ఇక రెండో వార్త. మీ అమ్మ మా ఇంట్లోనే ఉంది.

పుట్టింటికి చుట్టపుచూపుగా వచ్చిందని నీకెవరైనా రాసి ఉంటే అది నిజం కాదు. మీ నాయనమ్మ పాపమ్మగారు పొమ్మన్నారు, వచ్చింది. ఆరో తారీకు బుధవారం పొద్దున్నే చంకలో మూట పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. మా నాన్న, సొంత అన్నగారై ఉండి, లోపలికి రమ్మనటానికి ముందు ఏసోబు బావ కళ్ళు ఎలా ఉన్నాయని అడిగాడు. అత్తయ్య లోపలికి వచ్చి చీపురు తీసుకుంది.

నువ్వు తాడేపల్లిగూడెంలో ఉండటంవల్ల ఈ కథంతా మీ నాయనమ్మ చెప్పి రాయించినట్టుగానే నీకు తెలిసింది. పాపమ్మగారు తమకు కావలసిన చోట గట్టిగా, మిగతాచోట్ల మెల్లగా మాట్లాడే మనిషి. అందుచేత నేను వరసగా చెబుతాను, విను.

సెప్టెంబరు పన్నెండున కొల్లేటికోటలో మీ నాన్న చేపలు పట్టే మావు అల్లుతున్నాడు. వంచి పట్టుకున్న వెదురుబద్ద జారి ఎగిరి కుడికంట్లో దిగింది. నాలుగు రోజులు నందివర్ధనం పూలు పెట్టారు, ఎవరో బాలింత పాలు పోశారు. ఐదోరోజున దోనెలో గుడివాకలంకదాకా, అక్కడినుంచి బండిలో ఏలూరు తీసుకొచ్చారు. వచ్చింది ముగ్గురు: మావయ్య, మీ అమ్మ, మీ నాయనమ్మ. డాక్టరమ్మగారు చూశారు. పక్కన నేనున్నాను. కంట్లో వేసుకునే చుక్కలమందు ఇచ్చారు. పథ్యం పధ్నాలుగు రోజులని తేలింది. వంకాయ కూడదు, గోంగూర కూడదు, చేప కూడదు, ఎండురొయ్యలు అసలే కూడదు.

కొల్లేరు మధ్యన పుట్టి పెరిగిన మనిషికి చేప వద్దంటే ఎలా ఉంటుందో నువ్వే ఊహించు. మావయ్య మూడోరోజుకే కంచం ముందు కూర్చుని, ఇది అన్నమా, ఆసుపత్రి దూదా అని అడిగాడట. తొమ్మిదోరోజున, ఒక్క ముక్క వెయ్యవే, దేవుడికి చెప్పనులే అని బతిమాలాడట. అత్తయ్య దోసకాయకూరలో గుప్పెడు ఎండురొయ్యలు వేసింది. గుప్పెడని మీ నాయనమ్మ అంటారు. మూడు రొయ్యలని అత్తయ్య అంటుంది. మూడే అయి ఉంటాయి, ఎందుకంటే ఈ సంగతి ఎవరూ అడగకుండా తనంతట తానే చెప్పుకుంది.

అక్టోబరు ఆఖరున, దెబ్బ తగలని ఎడమకన్ను ఎర్రబడింది. వెలుతురు చూడలేకపోయాడు. పట్టపగలు కొల్లేటిమీద మంచు కమ్మిందేంటని అడిగాడట. ఆ రొయ్యలవల్లేనని మీ నాయనమ్మ అన్నారు. మళ్ళీ తీసుకొచ్చారు. ఇప్పటికి నాలుగుసార్లు పాల ఇంజెక్షన్లు ఇచ్చారు. అవును, పాలే. నడుముకి కింద పాలు ఎక్కిస్తే జ్వరం వస్తుంది, ఆ వేడికి కంట్లో వాపు తగ్గుతుందట. మొదటి ఇంజెక్షనుకి మావయ్య నన్ను దగ్గరికి పిలిచి, ఆవుపాలా గేదెపాలా కనుక్కోమన్నాడు. గేదెవైతే చిక్కగా ఉంటాయి, సూదిలో దిగవు అన్నాడు. డాక్టరమ్మగారికి ఇది నేను చెప్పలేదు.

ఇవాళ ఆయన చూపు ఎంత ఉందంటే, ముఖానికి జానెడు దూరంలో పెడితే వేళ్ళు లెక్కపెడతాడు. మనిషెవరో గొంతును బట్టి చెబుతాడు. వారంలోగా మద్రాసు కళ్ళ ఆసుపత్రికి తీసుకెళితే ఉన్నది నిలబడవచ్చునని డాక్టరమ్మగారు అన్నారు. నిలబడుతుందని మాట ఇవ్వలేదు. సిఫారసు ఉత్తరం రాసిచ్చారు. మావయ్య వెళ్ళనంటున్నాడు. కోపంగా కాదు, మామూలుగా అంటున్నాడు. మొదటిసారి ఆవిడ చెప్పిందల్లా చేశాను, మూడు రొయ్యలు తప్ప. మూడు రొయ్యలకే కన్ను పోయేటట్టయితే ఆ వైద్యం నాబోటివాడికి ఆగదు, మద్రాసులో ఇంకెన్ని చెబుతారో అంటాడు.

ఇక్కడ అత్తయ్య సంగతి చెప్పాలి. మాకందరికీ చేపలపులుసు పెడుతుంది. తను మాత్రం విడిగా వండుకుంటుంది. చేప ముట్టదు, వంకాయ ముట్టదు, గోంగూర ముట్టదు. అదేంటత్తయ్యా, నీకేం జబ్బని అడిగాను. మీ మావయ్య పథ్యం నేను చెడగొట్టాను కదరా, ఆ పధ్నాలుగు రోజులూ నేను చేసి తీరుస్తానంది. ఏడో తారీకున మొదలుపెట్టింది. ఇవాళ్టికి పదకొండో రోజు. గోడమీద బొగ్గుతో గీతలు గీస్తోంది.

నా కంచంలో పులుసు పోసి, ఉప్పు సరిపోయిందా అబ్బాయ్ అని అడుగుతుంది. తను రుచి చూడదు కదా. సరిపోయిందత్తయ్యా అంటాను. రోజూ సరిపోతుంది.

నువ్వు ఆవిడకు రాసిన ఉత్తరం గురువారం అందింది. ఆవిడకు చదువు రాదు, మా నాన్న బళ్ళో పాఠం చెబుతున్నాడు, కాబట్టి నేనే చదివాను. ఈసారి ఉన్నది ఉన్నట్టు చదివాను. “నాన్న రెండోకన్ను నీ చేతిమీదుగానే పోయింది. ఇక నాకు ఉత్తరాలు రాయించవద్దు.” అంతే కదా నువ్వు రాసింది. అత్తయ్య బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఏరటం ఆపలేదు. మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. ఒక రాయి ఏరి పారేసి అడిగింది:

“అమ్మాయి దస్తూరీ బాగుందా?”

బాగుందన్నాను. ఇలా తే అని కాగితం తీసుకుని, తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూసింది.

నిర్మలా, నీకు బుద్ధులు చెప్పేటంతవాణ్ణి కాను. కానీ కాస్త ఆలోచించు. మూడు ఎండురొయ్యలకు మనిషి కళ్ళు తీసే శక్తే ఉంటే కొల్లేటి లంకల్లో చూపున్నవాడు ఒక్కడైనా మిగిలేవాడా? రేపు నిడదవోలు పాసెంజరు దిగినవాళ్ళంతా ఏలూరు స్టేషనులో కర్ర పట్టుకుని తడుముకోవలసిందే. నువ్వు లెక్కలు చెప్పే పంతులమ్మవి. ఈ లెక్క నీకు తేలకపోదు. అమ్మకు ఒక్క ముక్క రాయి. ఆవిడ తప్పేమీ లేదని రాయి. నేను చెబుతున్నాను కదా, ఆవిడ తప్పేమీ లేదు. ఆ తర్వాత నాన్నను మద్రాసుకు ఒప్పించు. నువ్వు చెబితే కాదనడు.

ఇంతకన్నా రాయటానికి ఏమీ లేదు. పిల్లలను మరీ కొట్టకు.

ఇట్లు,
నీ అభిమానానికి ఏనాడూ నోచుకోని,
నోచుకోదగనివాడు కూడా అయిన,
జీవరత్నం, బి.ఏ.

తా.క. ఉత్తరం మడిచి, కవరులో పెట్టి, అంటించబోయి ఆగాను. పైన రాసిందంతా మళ్ళీ చదివాను. అందులో వెతికినా అబద్ధం దొరకదు. అంత జాగ్రత్తగా రాశాను. పథ్యం పధ్నాలుగు రోజులని తేలింది అన్నాను చూడు. ఎవరు తేల్చారో రాయలేదు.

ఇంగ్లీషు వైద్యంలో పథ్యం ఉండదు నిర్మలా. జూన్‌లో నేను చేరిన కొత్తలో చింతలపూడినుంచి దగ్గుతో ఒక ముసలాయన వచ్చాడు. మందు తీసుకుని, పథ్యమేంటండీ అని అడిగాడు. డాక్టరమ్మగారు ఏదైనా తినవచ్చునన్నారు, నేను అలాగే చెప్పాను. ఆయన గేటుదాకా వెళ్ళి, పథ్యం లేని మందు మందేంటని సీసా కాలవలో పారబోశాడు. మర్నాడు వచ్చినావిడకు నేనే, గుమ్మడికాయా వంకాయా ముట్టవద్దన్నారని చెప్పాను. ఆవిడ మందంతా తాగింది. జబ్బు తగ్గింది. అప్పటినుంచి డాక్టరమ్మగారు మందు చెబితే నేను పథ్యం చెబుతూ వచ్చాను. మనిషి వాలకాన్ని బట్టి చెప్పేవాణ్ణి. కోపిష్టివాళ్ళకు మిరపకాయ మాన్పించాను. గొప్పలు చెప్పుకునేవాళ్ళకు నెయ్యి మాన్పించాను. సాయంత్రం స్నేహితులకు చెప్పి నవ్వించేవాణ్ణి. మంచిపని కూడా చేస్తున్నానని అనుకున్నాను.

మీ నాన్నను తెచ్చిననాడు డాక్టరమ్మగారు చాలాసేపు మాట్లాడారు. కుడికన్ను ఇక చూడదన్నారు. అంతటితో అయిపోలేదన్నారు. దెబ్బ తగిలిన పధ్నాలుగు రోజుల్లోపు ఆ కన్ను తీసెయ్యాలి, ఉంచితే దానివల్ల రెండోకన్ను కూడా వాచి చెడిపోవచ్చు. వేలల్లో ఎవరికో ఒకరికి గాని రాదు, వచ్చిందంటే మాత్రం ఆపటం కష్టం. మంచికన్ను దెబ్బతిన్న కన్నుమీద జాలిపడి తనూ పాడవుతుందన్నట్టుగా, ఇంగ్లీషులో ఆ జబ్బుకు సానుభూతి పేరే పెట్టారు. ఆపరేషను ఎల్లుండి చేస్తాను, ఒప్పుకుంటాడేమో అడుగు అన్నారు. పధ్నాలుగని ఆయనకు కూడా తెలియాలని రెండు చేతుల వేళ్ళూ ఒకసారి, నాలుగువేళ్ళు ఒకసారి చూపించారు. ప్రతిమాటా నాకు అర్థమయింది. నా ఇంగ్లీషుకు ఏ లోటూ రాలేదు.

మావయ్య సంగతి నీకు తెలుసు. నేను హాస్యం మొదలుపెట్టకముందే నవ్వేవాడు. ఆ రోజు కూడా, ఒక కంటికి కట్టుతో, రెండో కంటితో నావైపు నవ్వటానికి తయారుగా చూస్తున్నాడు.

“ఏంటంటున్నారు అల్లుడూ డాక్టరమ్మగారు? ఆ పదీ నాలుగూ ఏంటి?”

నోరు తెరిచాను. నీ కన్ను తీసెయ్యాలి మావయ్యా అనే మాట తెలుగులో ఎలా మొదలవుతుందో నాకు తెలియలేదు. ఎవరికీ చెడ్డమాట చెప్పి ఎరగను. పధ్నాలుగు రోజులు పథ్యం మావయ్యా అన్నాను. ఆ తర్వాత వంకాయ, గోంగూర, చేప, రొయ్య, ఒకదాని వెంట ఒకటి అవే వచ్చేశాయి.

“అంత పొడుగు మాట్లాడితే ఇంతేనేంట్రా?”

ఇంగ్లీషులో మాటలెక్కువ, సంగతి తక్కువ అన్నాను. మావయ్య పగలబడి నవ్వాడు. మీ నాయనమ్మ కూడా నవ్వారు. వాళ్ళకు నేను ధైర్యం చెప్పాననుకుని డాక్టరమ్మగారు నా భుజం తట్టారు.

బండి దగ్గర చెబుదామనుకున్నాను. అక్కడ మీ అమ్మ నాకు బుడ్డెడు తేనె ఇచ్చింది, చెప్పలేదు. మర్నాడు మా నాన్నకు చెప్పి పంపిద్దామనుకున్నాను. ఇంకా రోజులున్నాయి కదా అనుకున్నాను. దెబ్బ తగిలిన పన్నెండోరోజున బయలుదేరి గుడివాకలంకదాకా వెళ్ళాను కూడా. దోనె దొరకలేదని తిరిగి వచ్చాను. రేవులో మూడు దోనెలున్నాయి.

పోయిన ఆదివారం కొల్లేటికోట వెళ్ళి మావయ్య పక్కన కూర్చున్నాను. మావయ్యా, నేనొక తప్పు చేశానన్నాను. ఏరా, ఎవరింటి కోడిని కోయించావు అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. నేను చెబితే ఆయన ఏదీ నమ్మడు నిర్మలా, నవ్వుతాడు. అందుకని నువ్వు చెప్పాలి. ఉత్తరం అందగానే సెలవు పెట్టి బయలుదేరు. స్టేషనుకు వస్తాను, నా ముఖం చూడనంటే వెనకాలే నడుస్తాను. ముందు మా ఇంటికి వచ్చి మీ అమ్మకు ఇది చదివి వినిపించు. ఆ గోడమీద పన్నెండో గీత దాటకముందే వినిపించు. ఆ తర్వాత ఆవిడను వెంటబెట్టుకుని కొల్లేటికోట వెళ్ళి, మీ నాయనమ్మనూ ఊళ్ళోవాళ్ళనూ కూర్చోబెట్టి, మీ నాన్నకు చదువు. నాకోసం ఒక్క మాట కూడా మెత్తబరచవద్దు. డాక్టరమ్మగారు మొదటిసారే నిజం చెప్పారని, ఆవిడ చెప్పింది ఆయన చెవిన పడనేలేదని తెలిస్తే మద్రాసు వెళ్ళనని అనడు. ఆ సిఫారసు ఉత్తరం నా దగ్గరే ఉంది. మద్రాసులో ఏం చెప్పారో ఆయనకు చెప్పటానికి ఇంకెవరినైనా తీసుకెళ్ళండి.

డాక్టరమ్మగారికి రేపు పొద్దున చెబుతాను. ఉద్యోగం పోతుంది, పోనీ. రేపటిదాకా ఆగటం కూడా పిరికితనమే. ఇవాళ ఆదివారం, ఆవిడ ఇంట్లోనే ఉన్నారు. ఆ ఇల్లు ఇక్కడికి కనిపిస్తుంది.

పైదంతా నోరు రాక చేశాననుకోవచ్చు. అలా అనుకుని నువ్వు కొంచెం మెత్తబడవచ్చు కూడా. అందుకని ఇది కూడా రాస్తున్నాను. ఇది నోరు రాక చేసింది కాదు.

అక్టోబరు ఇరవైతొమ్మిదిన ఎడమకంట్లో దీపం వేసి చూసి, డాక్టరమ్మగారు దాన్ని ఆర్పేశారు. తర్వాత నావైపు తిరిగి, ఈయన ఆపరేషనుకు ఎందుకు రాలేదని అడిగారు. మావయ్య నా మోచెయ్యి పట్టుకుని నిలబడి ఉన్నాడు. గుమాస్తా ఉద్యోగం నాకిస్తామని అంతకు రెండురోజుల ముందే అన్నారు. ఎంత చెప్పినా ఒప్పుకోలేదు మేడమ్, పల్లెటూరివాళ్ళు, భయపడతారు అని ఇంగ్లీషులో చక్కగా చెప్పాను. ఆవిడ తల ఊపి, మావయ్య పేరుగల కాగితంమీద, రోగి నిరాకరించాడు అని రాసుకున్నారు. ఏంటంటున్నారని మావయ్య నన్ను అడిగాడు. నీ ధైర్యాన్ని మెచ్చుకుంటున్నారు మావయ్యా అన్నాను. ఆయన ఆవిడ ఉన్నవైపు అనుకుని, కిటికీవైపు తిరిగి దణ్ణం పెట్టాడు.